నూలు కాలం, పాలిస్టర్ కాలం

మా ఆయనకూ నాకూ పరిచయం తగువుతోనే మొదలైంది. నేను డిగ్రీ చదువుతున్న రోజులవి. కంకిపాడు నుంచి రోజూ బస్సులో విజయవాడ వచ్చి వెళ్ళేదాన్ని. గవర్నరుపేటలో ఖాళీ క్యాసెట్ ఇస్తే అడిగిన పాటలు ఎక్కించి ఇచ్చే కొట్టు ఒకటి ఉండేది. హాస్టల్లో ఉండే స్నేహితురాలి గదిలో ఒక ఇంగ్లీషు రాక్ గాయకుడి పాట విని మనసు పారేసుకుని, అతని కొత్త ఆల్బమ్ ఎక్కించమని అడగడానికి అక్కడికి వెళ్ళాను. పక్కన ఒకతను గుడ్డల శాంపిళ్ళ సంచీ భుజాన వేసుకుని నిలబడి ఉన్నాడు. ఎవరూ అడక్కుండానే కల్పించుకున్నాడు.

"అది వద్దండీ. అతను చెడిపోయాక పాడింది. మొదటి మూడిట్లో ఏదైనా తీసుకోండి."

నాకు ఒళ్ళు మండింది. క్యాసెట్ నాది, ఇష్టం నాది అన్నాను. అతను నొచ్చుకోలేదు. విన్నాక మీకే తెలుస్తుంది లెండి అని నవ్వి ఊరుకున్నాడు. ఇంటికి తీసుకెళ్ళి వింటే నిజంగానే ఆల్బమ్ బాగాలేదు. ఆ సంగతి మాత్రం మా పెళ్ళయిన చాలా ఏళ్ళ దాకా అతనికి చెప్పలేదు.

ఆ గాయకుడి పేరు ఇక్కడ రాయను. రాస్తే చదివేవాళ్ళు కూడా మా తగువులోకే దిగుతారు. ఇప్పుడతనికి డెబ్బై అయిదు దాటాయి. ఇంకా పాడుతూనే ఉన్నాడు. అంత కాలం పాడిన మనిషికి ఒకటే గొంతు ఉండదు. కుర్రతనంలో ముగ్గురు వాద్యగాళ్ళతో గొంతు చించుకుని పాడిన రికార్డులు కొన్ని. తర్వాత పేరొచ్చి, కీబోర్డులూ మెరుపు కోట్లూ వచ్చి చేరిన కాలం ఒకటి. ఆ తర్వాత కొన్నేళ్ళు ఎటు పోయాడో తెలియదు. మళ్ళీ ముసలివాడై, గొంతు అడుగుకు దిగిపోయాక వచ్చి, నెమ్మదిగా పాడడం మొదలుపెట్టాడు.

మా ఆయన వాళ్ళది పెడనలో మగ్గాల మీద బతికిన కుటుంబం. మామగారి హయాంలో విజయవాడ వన్ టౌన్‌లో హోల్‌సేల్ బట్టల కొట్టు పెట్టారు. అందుకని మా ఆయన దేన్నయినా గుడ్డతోనే పోలుస్తారు. ఆ గాయకుడి మొదటి రికార్డులు నూలట. చేతికి గరుకుగా తగిలినా ఒంటికి గాలి ఆడుతుందట. మధ్యలోవి పాలిస్టర్, మెరుపు తప్ప చెమట పీల్చవు. ముసలితనంలోవి వెలిసిపోయిన సరుకు, ఎవడూ కొనడు. నేను అక్కడే గొడవపడేదాన్ని. వెలిసినా సరే, చాలా ఉతుకులు చూసిన చీర మెత్తదనం కొత్త చీరకు రాదనేదాన్ని. అతను ముసలివాడయ్యాకే నిజం పాడడం మొదలుపెట్టాడని నా వాదన.

మా పెళ్ళి రెండు వైపులా ఎవరికీ నచ్చలేదు. మావాళ్ళు పొలాలవాళ్ళు, వాళ్ళు మగ్గాలవాళ్ళు. మా వైపు నుంచి పెళ్ళికి వచ్చింది మా అక్క ఒక్కతే. తర్వాత మెల్లగా అందరూ సర్దుకున్నారు. ఆయన అన్నగారితో కలిసి కొట్టు చూసుకునేవారు. నేను బెంజ్ సర్కిల్ దగ్గర ఒక బీమా ఆఫీసులో చేరాను. ఆదివారాలు కారులో బందరు కాలువ వెంబడి కంకిపాడు దాటి ఉయ్యూరు దాకా వెళ్ళి, టిఫిన్ తిని తిరిగి వచ్చేవాళ్ళం. వెళ్ళేటప్పుడు ఆయన పాటలు, వచ్చేటప్పుడు నా పాటలు. వెనక సీట్లో కూర్చునే మా అమ్మాయి మా ఇద్దర్నీ ఉడికించడానికి పాలిస్టరే గొప్పదనేది. ఉడికించడం కోసం మొదలుపెట్టిందే గానీ, పెద్దయ్యాక నిజంగానే ఆ పాటల్లో పడిపోయింది. ఇప్పుడు హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటోంది.

ఆయన వాదిస్తే వినాలనిపించేది. ఊరికే బాగుంది, బాగాలేదు అనేవారు కాదు. ఇదిగో ఇక్కడ గిటార్ ఆగింది చూశావా, ఆగిన చోటే పాటంతా ఉంది అనేవారు. స్టీరింగ్ మీద వేళ్ళతో డ్రమ్స్ వాయించేవారు. ఒప్పుకోకపోయినా ఆయన చెప్పాక ఆ చోటు నాకు వినపడేది.

అది మారింది. ఎప్పుడు మారిందో కచ్చితంగా చెప్పలేను. మా అక్క జబ్బుపడి పోయిన మరుసటి ఏడు ఆ గాయకుడి కొత్త ఆల్బమ్ వచ్చింది. అందులో ఒక పాట, పియానో తప్ప ఇంకేమీ లేదు, చనిపోయిన తోబుట్టువుతో మాట్లాడుతున్నట్టు పాడాడు. ఆఫీసు నుంచి వస్తూ ఆటోలో మొదటిసారి విని, ఇంటి ముందు దిగాక కూడా లోపలికి వెళ్ళలేక గేటు పట్టుకుని నిలబడిపోయాను. ఆ ఆదివారం కారులో ఆయనకు వినిపించాను. అక్క కోసమని చెప్పలేదు. వింటే ఆయనకే తెలుస్తుందనుకున్నాను. అక్కను ఆసుపత్రుల చుట్టూ తిప్పింది ఆయనే.

పాట సగంలో ఉండగా, "ఇందులో పాటేదీ? బురదలో కాళ్ళీడ్చుకుంటూ నడిచినట్టుంది," అన్నారు.

మాటలు విన్నారా అని అడిగాను. మాటలెవరిక్కావాలి అన్నారు. నేను పాట ఆపేశాను. ఉయ్యూరు వెళ్ళకుండానే వెనక్కి తిరిగి వచ్చేశాం.

ఆ తర్వాత ఇంట్లో చాలా విషయాలు అదే దారిన పోయాయి. వంటింట్లోంచి పిలిస్తే పలికేవారు కాదు. దగ్గరికి వెళ్ళి అడిగితే విసుక్కునేవారు. టీవీ గోల పెట్టి, నేను తగ్గిస్తే లేచి వెళ్ళిపోయేవారు. నలుగురు చేరిన చోట ఒక మూల కూర్చుని, అందరూ నవ్వినప్పుడు తనూ నవ్వేవారు. కంకిపాడులో ఒక పెళ్ళిలో మా పెదనాన్నగారి అబ్బాయి వచ్చి, మా పెద్దమ్మను ఆసుపత్రిలో చేర్చామని చెబుతుంటే, ఈయన అతని భుజం తట్టి, "చాలా సంతోషం," అన్నారు. అతని మొహం నల్లబడింది. నాకు తల ఎత్తుకోబుద్ధి కాలేదు.

ఇంటికొచ్చాక అడిగాను, అంత లోకువైపోయారా మావాళ్ళు అని. పొరపాటైంది అని ఒక్క మాటని స్నానానికి వెళ్ళిపోయారు. మా పుట్టింటివాళ్ళు ఒకప్పుడు ఆయన్ని చిన్నచూపు చూసిన మాట నిజమే. అది ఇన్నేళ్ళు కడుపులో పెట్టుకుని ఇప్పుడు తీర్చుకుంటున్నారేమో అనుకున్నాను. అక్క పాటను బురద అన్నది కూడా ఆ లెక్కలోనే వేశాను. మనిషికి నా మీద ఇష్టం పోయింది, అంతే, అనుకున్నాను. ఆఫీసులో కూర్చుని పాలసీ కాగితాలు చూస్తూ అదే ఆలోచన. అమ్మాయితో ఫోన్లో చెప్పలేను, చెప్పకుండా ఉండలేను. ఆదివారం షికార్లు ఆగిపోయాయి. ఎక్కడికైనా వెళ్ళాల్సొస్తే కారులో పాటలు పెట్టడం మానేశాను.

వానాకాలంలో ఒక మధ్యాహ్నం మా పెద్దమ్మను చూడడానికి కంకిపాడు బయల్దేరాం. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చారు. ఆయన నడుపుతున్నారు. వాన కారు మీద దడదడా పడుతోంది. నా ఫోను దానంతటదే కారుకు తగులుకుని, ఇంట్లో నేను ఆపేసిన చోటు నుంచి పాట మొదలైంది. అది మూడో ఆల్బమ్‌లో మొదటి పాట, అతను కుర్రతనంలో ఎక్కడో స్టేజీ మీద పాడినప్పటిది. ఆ పాటంటే మా ఆయనకు ప్రాణం. మా అమ్మాయి పుట్టినప్పుడు ఆసుపత్రి వరండాలో ఈల వేస్తూ తిరిగింది ఆ పాటే. ఆయనతో మాట్లాడడానికి ఏమీ మిగలని రోజుల్లో ఇంట్లో ఒక్కదాన్నే కూర్చుని ఆయన పాటలు వినేదాన్ని. ఎందుకో నాకే తెలియదు. ఆ సంగతి ఆయనకు తెలిసిపోతుందేమోనని ఆపబోయాను.

"ఆపు ఆ బురద," అన్నారు. "ఆ ముసలాడి గోల నాకొద్దని చెప్పానుగా."

హాస్యానికి అన్నారేమో అని మొహంలోకి చూశాను. కాదు. నుదురు ముడిపడి ఉంది. వేళ్ళు స్టీరింగ్ మీద కదలకుండా ఉన్నాయి.

"ఇది ఏ పాటండీ?" అన్నాను.

మళ్ళీ గట్టిగా అడిగాను.

"ఏదో ఒకటి. నీ ముసలాడిదే."

సౌండు బాగా పెంచాను. గిటార్ ఆగి మళ్ళీ అందుకునే చోటు వచ్చింది, ఆయన నాకు లక్షసార్లు చూపించిన చోటు. అప్పుడు ఆయనకు తెలిసింది. కారు నెమ్మదించి కాలువ పక్కన, మూసి ఉన్న కొబ్బరిబొండాల బండి దగ్గర ఆపారు. ఇంజను ఆపలేదు. వైపర్లు ఆడుతూనే ఉన్నాయి. చేతులు స్టీరింగ్ మీదే ఉంచి ముందుకు చూస్తూ కూర్చున్నారు.

"అదా?" అన్నారు.

"అదే."

నేను పాట ఆపాను. తర్వాత ఆయనే నెమ్మదిగా, "నాకు సరిగ్గా వినపడట్లేదు. రెండేళ్ళు పైనే అయింది," అన్నారు.

ముందు ఎడమ చెవి మొదలైందట. ఫోన్లో మాటలు ముద్దముద్దగా వినిపించేవట. కొట్లో గుడివాడ నుంచి వచ్చే పాత వ్యాపారి ఎరుపంచు చీరలు అడిగితే ఈయన పసుపంచు కట్టించి పంపారు. అలాంటివి ఇంకొన్ని జరిగాయి. వ్యాపారి కొట్లోకొచ్చి అందరి ముందూ కేకలేశాడు. దాంతో అన్నగారికి తెలిసిపోయింది. ఇకమీదట ముందు వైపు కూర్చోవద్దు, వెనక గోడౌను చూసుకో అన్నారు. అప్పటికి ఏడాదిగా ఆయన గోడౌనులోనే ఉంటున్నారు. రోజూ ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళుతుంటే ఎప్పట్లా గల్లా దగ్గరే కూర్చుంటున్నారని నేను అనుకుంటున్నాను.

కొత్త పాటల్లో ఆయనకు వినపడేది దబదబమనే మోత ఒక్కటే. పాతవైతే తెలిసిన పాటలు గనక సగం చెవితో, సగం జ్ఞాపకంతో వినేవారు. చెవి వదిలేసిన ముక్కలు జ్ఞాపకం అందించేది. అందుకే రానురాను పాతవే గొప్పవని అంత మొండిగా పట్టుబట్టింది. ఆ రోజు పాట మధ్యలోంచి మొదలయ్యేసరికి పట్టుకోవడానికి కొస దొరకలేదు.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే నువ్వు నాతో వాదించవు," అన్నారు. "జాలిపడి ఒప్పేసుకుంటావు."

నేను ఏడ్చాను. ఇష్టం పోయిందనుకున్న మనిషికి పోయింది ఇష్టం కాదని తేలినందుకు ఒక పక్క ప్రాణం తేలికపడింది. ఇంకో పక్క, నేను అక్క కోసం వినిపించిన పాటలో ఆయన చెవిన ఒక్క మాట కూడా పడలేదన్న సంగతి అప్పుడు అర్థమైంది. పెద్దమ్మను చూడడానికి వెళ్ళాం. అక్కడ ఆయన పక్కనే కూర్చుని, ఎవరేమన్నా కుడి చెవి దగ్గర మళ్ళీ చెప్పాను. మా పెదనాన్నగారి అబ్బాయికి ఆ పెళ్ళిలో జరిగిందేమిటో ఆయనే చెప్పుకున్నారు. అతను కాఫీ తెస్తానని లేచి వెళ్ళాడు.

డాక్టరు దగ్గరికి వెళ్ళాం. గాలి కూడా చొరబడని చిన్న గదిలో కూర్చోబెట్టి చెవులకు ఏవో తగిలించి, శబ్దం వినపడినప్పుడల్లా చెయ్యెత్తమన్నారు. అద్దంలోంచి చూస్తున్నాను. ఆయన చెయ్యి ఎత్తకుండా శ్రద్ధగా ఎదురుచూస్తూ కూర్చున్నారు. ఎంతసేపటికీ ఎత్తరే. చెవి నరం బలహీనపడిందని, దానికి మందూ ఆపరేషనూ లేవని, మిషను పెట్టుకోవాలని చెప్పారు. ఇంతటితో ఆగుతుందా అని అడిగాను. ఆగొచ్చు, ఆగకపోవచ్చు, ఆరునెలలకోసారి చూద్దాం అన్నారు.

మిషను వచ్చిన రోజు ఇల్లంతా ఆయనకు శత్రువైంది. కుక్కర్ కూత, గిన్నెల చప్పుడు, నా గాజులు, పేపరు తిప్పిన శబ్దం, అన్నీ ఒకే వరసలో నిలబడి చెవిలో దూరాయట. కొట్టుకు పెట్టుకుని వెళ్ళారు. బావగారు చెడ్డమనిషేం కాదు. చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నారట. కానీ ముందుకొచ్చి కూర్చోమని మాత్రం అనలేదు. కొన్నాళ్ళు గోడౌనే చూసుకోరా, ఇక్కడ రద్దీలో నీకు కష్టం అన్నారట. ఆ కొన్నాళ్ళు ఇప్పటికీ నడుస్తూనే ఉన్నాయి.

మిషను కాస్త అలవాటయ్యాక మూడో ఆల్బమ్ పెట్టమని ఆయనే అడిగారు. హాల్లో ఎదురుగా కూర్చున్నారు. నేను తలుపులు వేసి, ఫ్యాను ఆపి పెట్టాను. మొదటి పాట పూర్తికాకుండానే మిషను తీసి అరచేతిలో పెట్టుకున్నారు. గిటారంతా రేకు మీద మేకుతో గీకినట్టుందట.

"ఇంకెప్పుడూ పెట్టకు," అన్నారు. "ఇలా వింటూ పోతే నాకు గుర్తున్నది కూడా చెడిపోతుంది."

నా దగ్గరున్నవి తీసేయమని అనలేదు. నువ్వు వినుకో, నేను లేనప్పుడు అన్నారు. ఆఫీసుకు వెళుతూ వస్తూ చెవుల్లో పెట్టుకుని వింటున్నాను. ఈ వయసులో, ఆయన వినడం మానేశాక, ఆ రికార్డు నాకు పూర్తిగా వినపడుతోంది. ఆ ముగ్గురు వాద్యగాళ్ళూ ఒకరి కోసం ఒకరు ఎలా ఆగుతున్నారో తెలుస్తోంది. ఆయన అన్నదే నిజమేమో, అతను అంత బాగా మళ్ళీ ఎప్పుడూ పాడలేదేమో అనిపిస్తోంది. ఆ మాట ఆయనతో అనలేను. అంటే జాలికి ఒప్పుకున్నాననుకుంటారు. ఆయన భయపడిందీ దానికే. అందుకని ముసలితనం పాటలే గొప్పవని ఇప్పటికీ వాదిస్తూనే ఉన్నాను. ఒక్కోసారి గొంతులో బలం చాలదు. పైకి మాత్రం తగ్గను.

అక్క పాట వినిపించమని ఒక సాయంత్రం ఆయనే అడిగారు. పియానో, గొంతు తప్ప ఇంకేమీ లేదు గనక మిషనుతో కూడా దారి దొరుకుతుందేమో అన్నారు. కుడి వైపు కూర్చుని, ముందు మాటలన్నీ ఒక్కొక్కటే తెలుగులో చెప్పాను. తర్వాత పాట పెట్టాను. మళ్ళీ పెట్టమన్నారు. ఆ తర్వాత ఇంకోసారి.

"ఇది వదిన పోయాక వచ్చిందా?"

అవునన్నాను.

"అందుకే పెట్టావా ఆ రోజు?"

తల ఊపాను. ఆయన నా చేతి మీద చెయ్యి వేసి కూర్చున్నారు. కిందెవరో స్కూటర్ స్టార్ట్ చేస్తే ఉలిక్కిపడి మిషను సర్దుకున్నారు.

"పాట మంచిదే," అన్నారు చివరికి. "ఆ ఆల్బమ్‌లో మిగతావి మాత్రం పనికిరావు." మిగతావి ఆయన వినలేదని నాకు తెలుసు. వినలేరని కూడా తెలుసు. అయినా ఎందుకు పనికిరావో చెప్పండని నిలదీశాను.

పోయినసారి పరీక్షలో, వినికిడి ఎంతుందో చూపించే కాగితం మీద కుడి చెవి గీత కూడా కొంచెం కిందికి దిగింది. డాక్టరు పెద్దగా ఏమీ అనలేదు. ఆయన అడగలేదు. కారులో వస్తుంటే ఎప్పుడో నిలిచిపోయిన ఒక ఫ్లైఓవరు పనుల గురించి మాట్లాడారు.

ఆదివారం అమ్మాయి ఫోన్ చేస్తుంది. ఫోనును చెవికి ఆనిస్తే మిషను కీచుమంటుంది. అందుకని స్పీకరులో పెట్టి, అమ్మాయి అన్నది నేను ఆయనకు చెబుతుంటాను. ఆయన పాతవాటి తరఫున, అమ్మాయి పాలిస్టర్ తరఫున, మధ్యలో నేను ఇద్దరి మాటలూ మోస్తూ, సందు దొరికితే నా మాటొకటి కలుపుతూ. మొన్న కూడా అలాగే నడుస్తోంది. ఆ కీబోర్డులే లేకపోతే అతను ముసలివాడయ్యేదాకా బతికేవాడే కాదు, జనం మర్చిపోయేవాళ్ళు అంటూ అమ్మాయి ఏదో చెబుతూ చెబుతూ ఆగింది. గొంతు తగ్గించింది.

"అమ్మా, నాన్నకి కుడి చెవి కూడా పోతుందా?"

ఆయన నా వైపు తిరిగారు. "ఏమంటోంది?"

"పాలిస్టర్ రికార్డుల్లోనే డ్రమ్స్ బాగుంటాయంటోంది," అన్నాను.

వినికిడి తగ్గాక ఆయన మొహాలు చదవడం నేర్చుకున్నారు. నా మొహంలోకి చూశారు.

"అది కాదు. ఇంకేదో అంది."

ఆయన దాచిన రెండేళ్ళలో నేనెంత నలిగిపోయానో నాకు తెలుసు. ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఫోన్లో అమ్మాయి ఊపిరి వినపడుతోంది నాకు.

ఆయన మిషను తీసి, చొక్కా కొసతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

"తెలీదని చెప్పు. డాక్టరుకే తెలీదు," అన్నారు. "డ్రమ్స్ మాట మాత్రం తప్పని చెప్పు. అవి డ్రమ్స్ కాదు, కంప్యూటరు."

డ్రమ్స్ మాట అమ్మాయి అననేలేదు. అయినా రెండూ చెప్పాను. అమ్మాయి ముక్కు ఎగబీల్చుకుని, కంప్యూటరైతే ఏం, దాన్ని వాయించమన్నది మనిషేగా, నాన్నకి చెప్పు అంది. నేను ఆయన కుడి చెవి దగ్గరికి వంగాను.